ఎర్రనేల స్థాయీభావం

కావ్యంలో రసం పండాలంటే ముందు ఒక స్థాయీభావం నిలవాలని మన ఆలంకారికులు చెప్పారు. చింత, ఔత్సుక్యం, హర్షం, విషాదం లాంటి సంచారి భావాలు ముప్పైమూడు. అవి వస్తాయి, పోతాయి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ రాకపోకలకు అర్థం కలిగేది వాటి అడుగున కదలకుండా నిలిచిన ఒక్క భావం వల్లనే. ఈ సూత్రాన్ని పుస్తకాల్లో చదివినవాళ్లు చాలామందే ఉంటారు. దాన్ని కళ్లతో చూడదలచుకుంటే పెనుకొండ మండలం ఎర్రమంచి పొలాలకు రావాలి. ఇక్కడ ఎర్రనేల స్థాయి, ఋతువులు సంచారులు. ఏడాది పొడుగునా ఒకే చోటికి వచ్చి చూసేవాడికి రసం అందుతుంది. దారిన పోయేవాడికి ఒక్క చరణమైనా వినపడదు.

దారిన పోయేవాళ్లకు ఇక్కడ కొరత లేదు. బెంగళూరు, హైదరాబాదు నగరాలను కలిపే 44వ జాతీయ రహదారి ఈ ఊరి పొలిమేరలోనే సాగుతుంది. కియా కార్ల కర్మాగారం వచ్చాక ఎర్రమంచి పేరు దేశమంతా తెలిసింది. అయినా కారు అద్దంలోంచి కనిపించేది ఒక్కటే: రాళ్లగుట్టలు, తుమ్మచెట్లు, దుమ్ము లేస్తున్న ఎర్రటి చేలు. 'ఇక్కడ చూడ్డానికేముంది' అనుకుంటూ వాళ్లు వెళ్లిపోతారు. ఆ మాటలో తప్పు చూపుది కాదు, వేగానిది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. నైరుతి మేఘాలు తమ బరువంతా పడమటి కనుమల మీదే దించి, చేతులు ఖాళీ చేసుకొని ఇటు వస్తాయి. ఈశాన్య మేఘాలకు తూర్పు తీరమే దగ్గర, మనం దూరం. ఇంత తక్కువ నీటితో బతికే నేల తన మార్పులను పెద్ద గొంతుతో ప్రకటించదు. ఒక గెనిమ మీద గడ్డి రంగు, ఒక కొమ్మ చివర చిగురు, గాలి వీచే దిక్కు, ఇవే ఇక్కడి ఋతువర్ణన. వాటిని పట్టుకోవాలంటే నిన్న చూసిన గెనిమనే ఇవాళా చూడాలి, నిరుడు చూసిన కొమ్మనే ఈ ఏడూ చూడాలి.

నేను చూసే చోటు పొలాల అంచున ఉన్న ఒక పెద్ద బండ. దాని వెనక కానుగ చెట్టు, పక్కన వేప, కాస్త అవతల ఒక ముసలి చింత. ముందు శెనక్కాయ చేను. చేను దాటితే రాళ్లగుట్టలు, ఆ గుట్టల వెనక పెనుకొండ కోట ఎక్కిన కొండల వరస. ఈ రాతి వయసు రెండు వందల కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఆ రాయి ఎండకు పగిలి, వానకు నాని, పొడిపొడిగా రాలి, అందులోని ఇనుము గాలి తగిలి తుప్పెక్కితే వచ్చిన ఎరుపు ఇది. అంటే మనం నేల అంటున్నది ఈ కొండే, నెమ్మదిగా కిందికి దిగి వచ్చిన కొండ. కూర్చున్న బండా, ఎదుటి గుట్టా, పాదాల కింది మట్టీ ఒకే పదార్థపు మూడు దశలని తెలిసిన క్షణాన, ఈ దృశ్యంలో ఎన్ని వస్తువులున్నా వస్త్వైక్యం ఎందుకు చెడదో బోధపడుతుంది.

ఎరుపు అని ఒక్క మాటలో తేల్చడానికి వీల్లేదు. మాఘమాసపు మధ్యాహ్నం ఈ నేల వెలిసిపోయిన గులాబి. దుక్కి చేసిన మరునాడు తోడిన చాలులో లోపలి మట్టి పైమట్టికంటే ఒక వన్నె ముదురు. వాన పడి వెలిసిన గంటకు నెత్తుటి చాయ. సాయంత్రం ఏటవాలు ఎండలో ప్రతి బెడ్డకూ ఒక నీడ వచ్చి, చేనంతా కాషాయమూ నలుపూ కలిసిన నేతగా మారుతుంది. ఈ వన్నెల విలువ ఈ సీమ చిత్రకారులకు బాగా తెలుసు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద పదహారో శతాబ్దంలో విజయనగర చిత్రకారులు గీసిన బొమ్మల వెనక పరుచుకున్నది నారింజ చాయ ఎరుపు. దాని మీద నల్లని రేఖలు, తెలుపు, ఆకుపచ్చ, గోధుమ, పసిడి వన్నెలు. నీలం కనపడదు. హిందూపురం నుంచి కాసేపట్లో చేరే ఆ మండపంలో తలెత్తి చూసినవాడు, తరువాత ఈ బండ మీద కూర్చుని తల దించి చూస్తే, ఆ రంగులన్నీ ఇక్కడే ఒక్కొక్క నెలలో ఒక్కొక్కటిగా పైకి రావడం గమనిస్తాడు. ఎరుపును నేపథ్యంగా నిలిపి మిగిలిన రంగులను కొద్దికొద్దిగా అద్దడం ఈ నేల పద్ధతి. చిత్రకారుల పద్ధతీ అదే.

కాళిదాసు ఋతుసంహారాన్ని గ్రీష్మంతో ఆరంభించి వసంతంతో ముగించాడు. ఆ క్రమంలోని ఔచిత్యం ఈ బండ దగ్గర బాగా తెలుస్తుంది. ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ స్థాయీభావం ఏ అలంకారమూ లేకుండా ఎదుట నిలుస్తుంది. శెనక్కాయ కట్టె ఎప్పుడో వామి ఎక్కింది. గొర్రెలు కొరికి వదిలిన గడ్డి మొదళ్లు సైతం దుమ్ములో కలిశాయి. కనుచూపు మేర నేలా, రాయీ, ఎండా. దూరాన గుట్ట పాదాలు ఎండమావిలో తేలి, కొండ నేలను విడిచి పైకి లేచినట్టు కనిపిస్తుంది. విజయనగర రాజులు వేసవి విడిదికి పెనుకొండ గగన్‌మహల్‌కు వచ్చేవారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. కొండ నీడ విలువ తెలిసిన వాళ్లు అనుకోవాలి.

ఆ మండుటెండలో వెనక్కి తిరిగి చూడండి. కానుగ నిండు పచ్చగా ఉంటుంది. ఒక్క చుక్క వాన పడలేదు, బావుల్లో నీళ్లు అడుగంటాయి, అయినా కొమ్మ కొమ్మకూ నూనె రాసినట్టు మెరిసే లేతాకు. వేప పూత రాలి నేల మీద తెల్లని నలుసులుగా పరుచుకుంటుంది. ఊళ్లోని రావి రాగి రంగు చిగుళ్లు విప్పి నెల దాటింది. చింత కూడా చిగురు పెట్టి, ఆడవాళ్ల ఒడి నింపి, పప్పులోకి చేరింది. ఆకులు రావడానికి వాన కావాలనుకునేవాడికి ఇది విరోధాభాసాలంకారం. చెట్టు లెక్క వేరే ఉంది. దాని వేరు మన బావికంటే ఓపికగా లోతుకు పోతుంది. వాన వచ్చేనాటికి ముదురాకు సిద్ధంగా ఉంటే మొదటి రోజు నుంచే పని సాగుతుంది. మరొక లాభం కూడా ఉందని మురళి, సుకుమార్ అనే శాస్త్రజ్ఞులు ముదుమలై అడవిలో పరిశీలించి 1993లో ప్రకటించారు: వానకు ముందే చిగిర్చిన చెట్ల ఆకులకు పురుగు బెడద తక్కువ. వానతోపాటు పురుగూ పుడుతుంది. అప్పటికి ఆకు ముదిరి ఉండడమే చెట్టుకు రక్ష. ఈ కారణాలన్నీ తెలిశాక కూడా ఆ పచ్చదనం ముందు కలిగే అద్భుతరసం ఏమాత్రం తగ్గదు. ఏ హామీ లేని కాలంలో ఆకు తొడగడంలోని ధీరత్వం కారణం తెలిసినకొద్దీ ఎక్కువగానే కనిపిస్తుంది.

రోహిణి కార్తె చివర్లోనో, మృగశిర మొదట్లోనో ఒక సాయంత్రం పడమర నల్లబడుతుంది. మొదట గాలి ఆగుతుంది. తరువాత దుమ్ముగోడ లేస్తుంది. ఆ వెనక పెద్ద పెద్ద చినుకులు, ఒక్కొక్కటీ దుమ్ములో చిన్న గుంట చేసి, తన చుట్టూ ఎర్రటి అంచు కట్టుకొని, లోపలికి ఇంకిపోతాయి. ఆ వాసన గురించి తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో దానికి పెట్రికోర్ అని పేరుపెట్టారు. ఎండిన మట్టీ రాయీ పీల్చుకొని దాచిన నూనెలు చినుకు తగలగానే గాలిలోకి వస్తాయి, నేలలోని సూక్ష్మజీవులు చేసే జియోస్మిన్ వాటితో కలుస్తుంది. కన్నౌజ్ అత్తరువాళ్లు కాల్చిన మట్టి నుంచి ఆ పరిమళాన్నే దింపి సీసాల్లో పోస్తారు. గుర్తుంచుకోవలసిన సంగతి ఏమిటంటే, ఎంత ఎండితే అంత వాసన. నిత్యం తడిసే నేలకు ఈ పరిమళం ఇంత ఘాటుగా రాదు. బెట్ట ఎంత పొడుగైతే తొలకరి అంత గాఢం. విప్రలంభం, అంటే ఎడబాటు, లేనిదే సంభోగ శృంగారం పుష్టి పొందదని ఆలంకారికులు అన్నది ఈ మట్టి ఏటేటా రుజువు చేస్తుంది.

మరునాటి పొద్దున బండ కింది తడి నేల మీద ఆరుద్ర పురుగులు తిరుగుతుంటాయి. వాటిని వర్ణించబోయిన ప్రతి కలమూ పట్టు మఖ్మలు దగ్గరే ఆగిపోతుంది. నేను చూడమనేది వాటి ఎరుపును, వాటి కింది ఎరుపుతో కలిపి. నేలది తుప్పు చేసిన ఎరుపు, వెలుతురును మింగుతుంది. పురుగుది ప్రాణం చేసిన ఎరుపు, వెలుతురును తిప్పి ఇస్తుంది. ఒకే వర్ణం స్థాయిగా ఒకసారి, సంచారిగా ఒకసారి, రెండూ పక్కపక్కనే. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోపలే గడిపే ఈ ఎనిమిది కాళ్ల జీవి తొలివానలకు బయటికి వచ్చి, అదే వానకు రెక్కలతో లేచిన చెదలను తిని, జతకట్టి, కొద్ది రోజుల్లో మళ్లీ మట్టిలోకి పోతుంది. నేల లోపల ఉన్నదే ఒక క్షణం పైకి వచ్చి తనను తాను చూపించుకుంది. ధ్వని అంటే ఇదే కదా, లోపలి అర్థం మాట పైకి మెరవడం.

ఆ తరువాత రావలసింది వర్ష ఋతువు. పంచాంగం అదే చెబుతుంది. ఎర్రమంచిలో వచ్చేది మాత్రం గాలి. ఆరు ఋతువుల లెక్కలో చోటు దొరకని ఏడవ ఋతువు ఇది. జూన్ సగం నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి పగలూ రాత్రీ ఒకే పట్టున వీస్తుంది. కానుగ కొమ్మలన్నీ తూర్పుకే వంగి ఉంటాయి. వేపపండ్లు రాలి పక్కకు దొర్లుతాయి. కొంగు, తువ్వాలు, గొర్రె ఉన్ని, అన్నీ ఒకే దిక్కు చూపిస్తాయి. అవతల రామగిరి కొండల మీద గాలిమరలు ఎడతెగక తిరిగే రోజులు ఇవే. తల పైన మేఘాలు బారులు తీరి వెళ్తుంటాయి. వాటి నీడలు ఎర్రచేల మీదుగా పరుగెత్తి, గెనిమలు దాటి, గుట్టల మీదికి ఎక్కి, అవతలికి దిగిపోతాయి. నేల క్షణం నల్లబడి, మళ్లీ ఎర్రబడి, మళ్లీ నల్లబడుతుంది.

ఇక్కడ గొర్రెలు కాసే ఒక పెద్దాయనను 'మేఘం బాగా వస్తాంది కదా తాతా' అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే 'వస్తాండేది కాదప్పా, పోతాండాది' అన్నాడు. ఆ జవాబులో నింద లేదు, ఆశ చంపుకోవడమూ లేదు. తరతరాల చూపు ఉంది. ఈ గాలి కాలమే ఎర్రమంచి ఋతుచక్రానికి గుండెకాయ అని నా గట్టి నమ్మకం. తక్కిన దేశానికి వర్ష ఋతువు రాకడ, ఈ సీమకు అది ఎదురుచూపు. ఆగకుండా సాగిపోతున్న మేఘాల కింద ఎండిన చేను నిలబడడం కంటే ఘనమైన విప్రలంభ ఘట్టం మన ప్రబంధాల్లో కూడా అరుదు. దీన్ని కరవు అనే ఒక్క మాట కింద పెట్టి మూసేస్తే రైతు కష్టం మాత్రమే చెప్పినవాళ్లమవుతాం. ఆ కష్టాన్ని ఏటా ఎదుర్కొంటూ ఆకాశాన్ని ఇంత శ్రద్ధగా చదివిన మనిషి రసజ్ఞత చెప్పకుండా మిగిలిపోతుంది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో గడిపే పదమూడు పద్నాలుగు రోజులను ఒక కార్తెగా లెక్కించి, ఏ కార్తెలో పదును దొరుకుతుందో, ఏ కార్తెలో గొర్రు కట్టాలో, ఏది దాటితే విత్తనం దండగో మనసులో రాసుకున్నది ఆ ఎదురుచూపే. ఇరవై ఏడు కార్తెల ఆ లెక్క ఒక జాతి చేసిన ఋతుకావ్య వ్యాఖ్యానం.

పదునైన రోజున దృశ్యం ఒక్క పూటలో మారుతుంది. బండ ముందు చేనులో గొర్రు వెళ్లిన చాళ్లు నేలకు వరసలు దిద్దుతాయి. విత్తిన వారం పది రోజులకు ఆ వరసలు ఎరుపు మీద పచ్చని గీతలవుతాయి. నెల తిరిగేసరికి ఆకుల మధ్య పసుపు పూలు. శెనక్కాయ పూవు పొద్దున విచ్చి ఆ రోజే వాడుతుంది. తరువాతి కథ కళ్లు కిందికి దించిన వాళ్లకే. వాడిన పూవు మొదట్లోంచి ఒక సన్నని ఊడ బయలుదేరి, నేల వైపు వంగి, మట్టిని పొడుచుకొని లోపలికి పోయి, అక్కడ చీకట్లో కాయవుతుంది. పూవు ఆకాశానిది, కాయ నేలది. దక్షిణ అమెరికాలో పుట్టి సముద్రాలు దాటి వచ్చిన ఈ మొక్క అనంతపురం ఎర్రమట్టిని తన సొంతం చేసుకోవడంలో ఆశ్చర్యం లేదు. అదీ ఈ నేలలాగే తన సంపదను లోపల దాచే స్వభావం గలది.

సెప్టెంబరు ఇక్కడ అసలు వాన నెల. పుబ్బ, ఉత్తర కార్తెల్లో నాలుగు మంచి వానలు పడితే ఈ నేల ఇచ్చే జవాబు చూసి తీరాలి. కోనసీమలో ఒక జల్లు కురిస్తే పచ్చదనానికి మరికాస్త పచ్చదనం తోడవుతుంది. ఇక్కడ ఒక్క వానకు గుట్టల రంగే మారుతుంది. నిన్నటిదాకా బోడిగా ఉన్న రాతి సందుల్లో గడ్డి లేస్తుంది. తంగేడు పసుపు పూలతో గుట్ట మొదళ్లను చుట్టేస్తుంది. గునుగు చేను అంచుల్లో గులాబి, వెండి కలిసిన కంకులు నిలబెడుతుంది. రాళ్ల మధ్య సీతాఫలం చెట్లకు కాయ కన్ను విచ్చుతుంది. తుమ్మ కొమ్మలకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి. మగపిట్ట సగం అల్లిన గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టి ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె లోపలికి వెళ్లి చూసి, నచ్చితేనే ఉంటుంది, తరువాతే గూడు పూర్తవుతుంది. గూటిని పరీక్షించే ఆ ఆడపిట్టకంటే కఠినమైన సహృదయ విమర్శకురాలిని నేనెరుగను.

ఇంత పచ్చదనం నిండినప్పుడు కూడా ఎరుపు మాయం కాదు. చాళ్ల సందుల్లో, బాటలో, గెనిమ తెగిన చోట, పారే నీటిలో అది కనిపిస్తూనే ఉంటుంది. సంచారులు ఎంత పొంగినా స్థాయిని ముంచెయ్యకపోవడం మంచి కావ్యలక్షణం. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వేసవినీ వాననూ శరత్తునూ వర్ణిస్తూ రాజోద్యానాల్లో ఆగిపోకుండా రైతు పొలానికీ, తడిసిన ఇంటికీ దిగివచ్చాడు. ఆ వర్ణనలకు ఆ బలం ఎక్కడిదని అడిగితే నేను పెనుకొండ వైపు చూపిస్తాను. ఇలాంటి నేలను ఏలిన వాడికి ఋతువు ఒక అలంకారంగా మాత్రమే కనిపించే వీలు లేదు.

ఈశాన్యపు వానలు కొన్నేళ్లు పలచగా వచ్చిపోతాయి, కొన్నేళ్లు హద్దు మీరతాయి. 2021 నవంబరులో పెన్నా, చిత్రావతి పొంగిన రోజులను ఈ జిల్లా మరచిపోదు. ఏళ్ల తరబడి ఇసుకగా ఉన్న ఏరు ఒక్క రాత్రిలో ఎర్రటి వరదైతే, అందులో పారేది మన పొలాల మట్టే. రసాల్లో భయానకమూ ఉంది. ఈ నేల దాన్నీ దాచిపెట్టదు.

తరువాత మంచుకాలం. శెనక్కాయ పీకేశారు, వరుసలో అక్కడక్కడా వదిలిన కంది మాత్రం నిలబడి పసుపు పూలు పూస్తుంది. పొద్దున్నే బండ చల్లగా ఉంటుంది. గుట్టల నడుమ పొగమంచు నిలిచి, ఎండ ఎక్కినకొద్దీ పైకి లేచి, ముందు శిఖరాలను, ఆపై వాలును, చివరికి చేలను బయటపెడుతుంది. మంచు పడిన అనపకాయకు ఒక ప్రత్యేకమైన వాసన వస్తుంది. హిందూపురం, పెనుకొండ సంతల్లో ఆ కాయల రాసుల దగ్గర నిలబడితే చాలు, ఏ నెలలో ఉన్నామో కళ్లు మూసుకొని చెప్పవచ్చు. నానబెట్టి పొట్టు పితికిన ఆ గింజల కూరా, రాగిసంగటీ లేకుండా ఈ సీమలో హేమంతవర్ణన సంపూర్ణం కాదు. జిహ్వకు అందే రుచికీ మనసుకు అందే రుచికీ మన శాస్త్రకారులు రసమనే ఒకే పేరు పెట్టడం ఆ కంచం ముందు ఎంతో సహజంగా తోస్తుంది.

ఆ నెలల్లోనే చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీదికి ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. సైబీరియా నుంచి వస్తాయని జనం అంటారు గాని అవి మన ఉపఖండం పక్షులే. చెరువుల్లో చేపలున్న చోటును వెతుక్కుంటూ తిరిగేవి. తెల్లని ఒళ్లు, నల్లని చారలు, తోక దగ్గర గులాబి చాయ, పసుపు ముక్కు. ఊరివాళ్లు వాటిని బిడ్డలను చూసినట్టు చూస్తారు. ఇళ్ల నడుమ చెట్ల మీద అవి గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, తిరిగి వానలు మొదలయ్యే వేళకు వెళ్లిపోతాయి. ఒకే చెట్టును ఏటా చూడడం మనిషికి మాత్రమే తెలిసిన విద్య కాదని ఆ కొంగలు చెబుతాయి.

శివరాత్రి దాటాక మార్పులు చకచకా వస్తాయి. చింతకాయ కోతలు మొదలై హిందూపురం మార్కెట్టుకు బస్తాలు కదులుతాయి. గుట్టల్లో మోదుగ ఆకు లేకుండా నిప్పురంగు పూలు పూస్తుంది. ఇక కానుగ. దాని ఆకులు పసుపెక్కి రాలడం, కొత్తాకు మొలవడం మధ్య ఎడం కొద్ది రోజులే. ఒక కొమ్మ మీద పాతాకు వెళ్తుంటే పక్క కొమ్మ మీద చిగురు వస్తుంది. శిశిరం, వసంతం ఒకే చెట్టు మీద ఒకే సమయాన కనిపించడం చూశాక, ఋతువుల మధ్య మనం గీసిన గీతలు పంచాంగం సౌకర్యం కోసమేనని తేలిపోతుంది. ఆ వెంటనే తెలుపూ ఊదా కలిసిన కానుగపూలు రాలి, చెట్టు కింది ఎర్రనేల మీద ఒక వలయం గీస్తాయి. వసంతం ఇక్కడ ఇంతే పొడుగు. ఆ కొద్దిపాటి వ్యవధే దాని తీవ్రత.

ఇప్పుడు ఈ బండ మీద నుంచి కనిపించే కొత్త సంగతులను కూడా ఈ విమర్శలోకి తీసుకోవాలి. కర్మాగారం కోసం ఇక్కడ 536 ఎకరాలు ఇచ్చారు. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది, ఆ డిసెంబరులో కర్మాగారం లాంఛనంగా ప్రారంభమైంది. ప్రారంభంలో దాని సామర్థ్యం ఏడాదికి మూడు లక్షల కార్లు. వలసలు పోయే ఈ సీమ బిడ్డలకు ఊరి దగ్గరే పని దొరకడం చిన్న విషయం కాదు, దాన్ని నేను మనసారా హర్షిస్తాను. అయితే ఆ కప్పు కింద ఋతువు లేదు. అక్కడ పన్నెండు నెలలూ ఒకే వెలుతురు, ఒకే వేడి. ఆ గోడకు ఇవతల మిగిలిన నేల మీద చూసేవాడి బాధ్యత ఆ మేరకు పెరిగింది. కార్తెలు తెలిసిన తాతల మనవళ్లు ఇప్పుడు షిఫ్టుల లెక్కన బతుకుతున్నారు. వాళ్లకు ఈ పాఠం తెలియకుండా పోతే ఈ కావ్యానికి పాఠకులే మిగలరు.

మరొకటి గొల్లపల్లి జలాశయం. హంద్రీ-నీవా రెండో దశలో శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు కాలువల వెంట మెట్టు మెట్టుగా ఎక్కి పెనుకొండ మండలంలోని ఈ జలాశయానికి చేరతాయి. కర్మాగారానికి నీళ్లు ఇక్కడివే. ఆ నీళ్లు ఎక్కడివో ఆలోచించండి. కృష్ణ మహాబలేశ్వరంలో పుట్టింది. తుంగా భద్రా కర్ణాటక కనుమల్లో పుట్టి, కలిసి, కృష్ణలో చేరాయి. అంటే మన మీద పడకుండా పడమటి కనుమలు ఆపుకున్న వానే నదులై, దేశం చుట్టి, శ్రీశైలం దగ్గర ఆగి, మనుషుల పూనికతో ఎక్కి ఈ గుట్టల మధ్యకు వచ్చింది. ఆషాఢంలో తల మీదుగా దాటిపోయే గాలి ఎక్కడ తన బరువు దించి వచ్చిందో, ఆ చోటి నీరే శరత్తులో మన ముందు నిలుస్తుంది. జలాశయం గట్టు మీద నిలబడి ఈ ప్రయాణాన్ని తలచుకున్నప్పుడు నాకు కలిగేది ఉత్త ఆనందం కాదు. విడిపోయిన వాళ్లు చాలా దూరం తిరిగి వచ్చి కలుసుకున్న కథ ముగింపులో మాత్రమే కలిగే గాఢమైన తృప్తి అది. ఈ నేల విప్రలంభానికి ఈ తరం రాసిన కొత్త ఆశ్వాసం ఇది.

ఒకే చోట చూపు నిలపడం కొందరికి ఇరుకుగా తోచవచ్చు. కాని అలాంటి చూపు ఎంత దూరం పోతుందో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. జపానులోని క్యోటో నగరంలో చెర్రీ పూలు ఎప్పుడు విచ్చాయో రాజులూ భిక్షువులూ దినచర్యల్లో రాసుకున్న మాటలు 812వ సంవత్సరం నుంచి దొరుకుతున్నాయి. పూలను ప్రేమించి రాసుకున్న ఆ మాటలే పన్నెండు శతాబ్దాల తరువాత భూమి వేడెక్కుతున్న సంగతికి సాక్ష్యాలయ్యాయి. 2021లో అక్కడ మార్చి 26కే పూలు పూర్తిగా విచ్చాయని, ఆ దీర్ఘచరిత్రలో అంత తొందరగా ఎన్నడూ విచ్చలేదని చెప్పగలిగారు. రసదృష్టితో చేసిన పని శాస్త్రానికి పనికొచ్చింది. ఎర్రమంచి కానుగ ఏ కార్తెలో చిగిర్చిందో, ఆరుద్ర పురుగు ఏ వానకు కనిపించిందో, గాలి ఏ రోజు దిక్కు మారిందో రాసిపెట్టిన పుస్తకం ఏ బడిలోనైనా ఉంటే, అది ఈ సీమకు అంతటి నిధి అవుతుంది. దానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. ఒక బండా, ఒక చెట్టూ, ఒక నోటుపుస్తకమూ, వాటి దగ్గరికి తిరిగి తిరిగి వచ్చే ఒక పిల్లా పిల్లవాడూ చాలు.

రాయలసీమను మనం చాలాకాలంగా లేమి లెక్కల్లోనే చెప్పుకున్నాం. ఆ లెక్కలు నిజమే, అవి పాలకులకు ఎప్పుడూ వినపడాలి. కాని ఒక నేలను దాని కొరతతో మాత్రమే గుర్తుపట్టడం, కావ్యాన్ని దాని పుటల సంఖ్యతో కొలవడం వంటిది. కోస్తా పచ్చదనం అందరికీ ఒక్క చూపులో అందుతుంది. ఈ ఎరుపు అలా అందదు. తక్కువ మాటలతో ఎక్కువ ధ్వనించే కవిని చదివినట్టే దీన్ని నిలిచి, ఆగి, మళ్లీ మళ్లీ చదవాలి. ఒక్క చినుకుకు ఒక పరిమళం, ఒక్క వానకు ఒక గుట్టంత పచ్చదనం, ఏ హామీ లేని వేసవికి ఒక చెట్టు నిండా చిగురు: ఇచ్చిన దానికి ఇంతింతగా బదులు పలికే నేలను బీదనేల అనడం మన పఠనలోపం. ఈ సీమలో పుట్టిన ప్రతివాడూ తన ఊళ్లో ఒక చోటు ఎంచుకొని నాలుగు కాలాలు దాన్ని చదవాలి. అలా చదివినవాడు తన నేలను గురించి ఇక తలవంచుకొని మాట్లాడడు.